విత్తనం సంచిలో చట్టం కూడా ఉంటుంది
(రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)

ఈ పూట మనం మాట్లాడుకోవాల్సిన అంశం ‘చట్టాలు, ప్రభుత్వ విధానాలు – శాస్త్ర సాంకేతిక పరిజ్ఞానం – రైతు జీవితం’. పేరు వినగానే ఇది వకీళ్లకో, శాస్త్రవేత్తలకో సంబంధించిన సంగతి, మనకెందుకులే అనిపిస్తుంది. అందుకని మనందరికీ తెలిసిన వస్తువుతోనే మొదలుపెడదాం. మృగశిర కార్తె దగ్గర పడేసరికి దుకాణంలో కొనే పత్తి విత్తనం ప్యాకెట్ తీసుకుందాం.

ఆ ప్యాకెట్ ధర ఎవరు పెట్టారు? అందులో ఏ జన్యువు ఉండాలో ఎవరు ఒప్పుకున్నారు? వచ్చే ఏడు అదే పంట గింజ తీసి విత్తుకుంటే ఎందుకు పనికిరాదు? మొలవకపోతే ఎవరు జవాబు చెప్పాలి? ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కదానికి కూడా జవాబు ప్రయోగశాలలోనే దొరకదు. ప్రయోగశాలలో జన్యువు తయారవుతుంది. అది మన చేను చేరేది ఎంత ధరకు, ఏ రూపంలో, ఏ షరతుల మీద అన్నది చట్టమూ ప్రభుత్వ విధానమూ తేలుస్తాయి. యూరియా, డీఏపీ లెక్క వేసుకున్నట్టే చట్టాన్ని కూడా సేద్యానికి పెట్టే పెట్టుబడుల్లో ఒకటిగా లెక్క వేసుకోవాలి. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ధర సంగతి చూద్దాం

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. మొదట మూడు హైబ్రిడ్లకు ఇచ్చారు. కొద్ది సంవత్సరాలలోనే ప్యాకెట్ ధర 1,850 రూపాయల దాకా వెళ్లింది. అందులో సుమారు 1,250 రూపాయలు జన్యువు తయారు చేసిన కంపెనీకి చెల్లించే రుసుము. దాన్నే ‘ట్రెయిట్ ఫీజు’ అన్నారు. అంటే మనం గింజకు పెట్టిన ఖర్చు కంటే గింజలోని జన్యువుకు కట్టిన కిరాయి రెట్టింపు.

రైతులలో అసంతృప్తి పెరిగింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్లింది. అప్పటికి 900 రూపాయలుగా ఉన్న ఫీజు అన్యాయమని వాదించింది. చైనా వంటి దేశాలలో వసూలు చేస్తున్న మొత్తాన్ని చూసి సబబైన ఫీజు పెట్టుకోవాలని ఆ ఏడాది మే నెలలో కమిషన్ ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం కోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది.

లెక్క వేద్దాం. ఎకరానికి రెండు ప్యాకెట్లు. ప్యాకెట్‌కు 1,100 తగ్గితే ఎకరానికి 2,200 రూపాయలు. ఐదెకరాల పత్తి రైతుకు 11,000 రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. జన్యువు మారలేదు, గింజ మారలేదు, శాస్త్రం మారలేదు. ధర మాత్రం మారింది. దాన్ని మార్చింది ఒక ఆదేశం, ఒక చట్టం, వాటి వెనక మన ఒత్తిడి.

ఆ తర్వాత 2015 డిసెంబరులో కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో రెండు జన్యువులు ఉన్న బీజీ–2 ప్యాకెట్‌కు 800 రూపాయలు, అందులో ట్రెయిట్ ఫీజు 49 రూపాయలుగా నిర్ణయించారు. 2018లో ఆ ఫీజును 39కి, 2019లో 20కి తగ్గించారు. 2020లో పూర్తిగా తీసేశారు. ఒకప్పుడు 1,250 రూపాయలు ఉన్న రుసుము సున్నా అయింది. ఆ ఏడాది ప్యాకెట్ ధర 730. తర్వాత ఏటా పెంచుకుంటూ 2025 సీజనుకు 901 చేశారు. ఈ అంకెలను ఎవరు, ఏ లెక్కన పెంచుతున్నారో గమనించకపోతే తగ్గినది మళ్లీ పెరుగుతుంది.

రెండోది విత్తనం రూపం

అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ దేశాలలో బీటీ పత్తిని సూటి రకాలలో వేస్తారు. మన దగ్గర దాదాపు మొత్తం హైబ్రిడ్లే. ప్రపంచంలో మొదటి వాణిజ్య పత్తి హైబ్రిడ్ హెచ్–4 కూడా 1970లో మన దేశంలోనే, గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రంలో తయారైంది. అది మన శాస్త్రవేత్తల ఘనతే. అయితే బీటీ జన్యువు వచ్చాక అదే హైబ్రిడ్ కంపెనీలకు తాళంగా పనికొచ్చింది. హైబ్రిడ్ పంట గింజ మళ్లీ విత్తితే మొక్కలు ఒక్క తీరుగా రావు, దిగుబడి పడిపోతుంది. కనుక ఏటా దుకాణానికి వెళ్లక తప్పదు.

అమెరికాలో రైతు గింజ దాచుకోకుండా పేటెంటు, ఒప్పందం అడ్డుకుంటాయి. మన పేటెంటు చట్టంలోని 3(జె) సెక్షన్ మొక్కలకు, విత్తనాలకు, వాటి రకాలకు పేటెంటు ఇవ్వకూడదంటుంది. చట్టం ఆ తలుపు మూసేసరికి కంపెనీలు హైబ్రిడ్ తలుపు తెరిచాయి. మొక్కలో చేరిన జన్యువుకు పేటెంటు వర్తిస్తుందా అన్న వివాదం ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో మళ్లీ విచారణ జరపమని కింది కోర్టుకు పంపింది. 2021లో కంపెనీలు తమలో తాము రాజీ పడ్డాయి. అసలు ప్రశ్నకు తీర్పు రాకుండానే కేసు ముగిసింది. ఆ రాజీ బల్ల దగ్గర రైతుకు కుర్చీ లేదు.

మరి ప్రభుత్వ రంగం ఏం చేసింది? రైతు దాచుకుని మళ్లీ విత్తుకోగల బీటీ సూటి రకం ‘బికనేరి నర్మా’ను నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారు చేశాయి. 2008లో అనుమతి కూడా వచ్చింది. దానిలో ప్రైవేటు కంపెనీ జన్యువు ఉందన్న వివాదం రేగడంతో మరుసటి ఏడే అమ్మకం ఆగిపోయింది. తర్వాత ఆ దారిలో పట్టుదలగా నడిచి ఉంటే ఇవాళ మన చేలలో పరిస్థితి వేరుగా ఉండేది. ఏ పరిశోధనకు డబ్బు ఇవ్వాలి, దేన్ని ఆపాలి అన్నది కూడా విధానమే.

హైబ్రిడ్ విత్తనం తయారీలో ఇంకో ముఖం ఉంది. జోగులాంబ గద్వాల జిల్లాలో, నడిగడ్డ అంతటా విత్తన పత్తి పండించే రైతులకు అది తెలుసు. ప్రతి పువ్వునూ చేత్తో విప్పి పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వుతో అద్దాలి. ఈ క్రాసింగ్ పని కోసం పిల్లలను బడి మాన్పించిన రోజులు మనం చూశాం. ఆ రైతుకు ఒప్పందం కంపెనీతో ఉండదు, ఆర్గనైజరుతో ఉంటుంది. పరీక్షలో గింజ ఫెయిలైందని చెబితే నష్టం రైతుదే. విత్తనం ఏ రూపంలో ఉండాలన్న నిర్ణయం ఒక ఇంటి పిల్ల బడికి వెళ్తుందా లేదా అన్న దాకా వస్తుంది.

మూడోది గులాబీ రంగు పురుగు

బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడే ఒక షరతు పెట్టారు. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మేర బీటీ కాని పత్తి వేయాలి. దాని కోసమే ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న సంచి ఇచ్చేవారు. పురుగు అక్కడ బతికి, బీటీ చేనులో తట్టుకున్న పురుగుతో జతకట్టి, నిరోధక శక్తి త్వరగా పెరగకుండా చూడడం దాని ఉద్దేశం. శాస్త్రం సరైనదే. కానీ ఐదో వంతు చేను పురుగుకు వదిలిన రైతుకు నష్టం ఎవరు కడతారో ఏ చట్టంలోనూ రాయలేదు. ఆ చిన్న సంచి ఎందుకో విడమరిచి చెప్పిన వాళ్లు కూడా తక్కువే. చాలా ఊళ్లలో అది గట్టు మీదే ఉండిపోయింది.

ఫలితం మనం అనుభవిస్తున్నాం. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు బీజీ–1ని తట్టుకున్నట్టు 2010లో కంపెనీయే ఒప్పుకుంది. మరికొన్ని సంవత్సరాలకు బీజీ–2 కూడా ఆ పురుగు మీద పని చేయకుండా పోయింది. రైతు మీద షరతు పెట్టి, దాని ఖర్చు కూడా రైతు మీదే వేసిన విధానం ఒక మంచి పరిజ్ఞానాన్ని పదేళ్లలో అరగదీసింది. మందు కొట్టే ఖర్చు తగ్గుతుందని విత్తనం కొన్నాం. ఇప్పుడు విత్తనం ఖర్చూ పెడుతున్నాం, మందు ఖర్చూ పెడుతున్నాం.

నాలుగోది బిల్లు లేని విత్తనం

కలుపు మందు తట్టుకునే పత్తి, మనం ‘హెచ్‌టీ’ అనేది, మన దేశంలో సాగుకు అనుమతి పొందలేదు. అయినా 2017 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాలలో, మహారాష్ట్రలో, గుజరాత్‌లో అది చేలలో బయటపడుతూనే ఉంది. కలుపు కూలి భారమైన రైతు దాని వైపు ఎందుకు చూస్తున్నాడో మనకు తెలుసు. రైతును దొంగగా చూపడం మన సంఘం ఉద్దేశం కాదు. కానీ ఒక్క విషయం ఊరూరా చెప్పాలి. ఆ విత్తనానికి బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు, కంపెనీ పేరు నిజమో అబద్ధమో తెలియదు. అది మొలవకపోయినా, కాయ పట్టకపోయినా ఏ కోర్టుకూ వెళ్లలేం. అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం అమ్మడం పర్యావరణ పరిరక్షణ చట్టానికి విరుద్ధం. అమ్మినవాడు తప్పించుకుంటాడు, చేను దున్నేసేది మనం.

ఇక్కడ ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. ఆ విత్తనం మంచిదా చెడ్డదా అన్న విషయాన్ని శాస్త్రీయంగా తేల్చి, అవునో కాదో బహిరంగంగా చెప్పాలి. ఏళ్ల తరబడి తేల్చకుండా నానబెట్టినందువల్లే దొంగ వ్యాపారం పెరిగింది.

మన చేతిలో ఉన్న హక్కులు

చట్టం మనకు వ్యతిరేకంగానే ఉంటుందనుకోకండి. పోరాడి తెచ్చుకున్నవీ ఉన్నాయి. ప్రపంచ వాణిజ్య ఒప్పందం కింద కొత్త వంగడాలకు ఏదో ఒక రకమైన రక్షణ ఇవ్వక తప్పలేదు. పేటెంటు బదులు సొంత చట్టం చేసుకునే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. ఆ వీలుతో మన పార్లమెంటు 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేసింది. చట్టం పేరులోనే రైతుల హక్కులు ఉన్నాయి.

దాని 39వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేసిన రకమైనా సరే, రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ రకం పేరుతో లేబుల్ వేసి ప్యాకెట్ కట్టి అమ్మకూడదు, అంతే. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. రిజిస్టరైన రకం విత్తనం అమ్మేవారు అది ఏ పరిస్థితుల్లో ఎంత దిగుబడి ఇస్తుందో రైతుకు చెప్పాలి. అంత రాకపోతే రైతు ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థ ముందు పరిహారం కోరవచ్చు. 42వ సెక్షన్ ప్రకారం తెలియక చేసిన ఉల్లంఘనకు రైతును శిక్షించలేరు.

ఇవి కాగితం మీది మాటలేనా? 2019 ఏప్రిల్ సంగతి చూడండి. తమ రకం ఆలుగడ్డ పండించారని పెప్సీకో కంపెనీ గుజరాత్ రైతుల మీద అహ్మదాబాద్ కోర్టులో దావా వేసింది. నలుగురు రైతులలో ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా అడిగింది. దేశమంతటా రైతు సంఘాలు 39వ సెక్షన్ పట్టుకుని నిలబడ్డాయి. మే నెలలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషనే రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. అంటే కంపెనీకి రిజిస్ట్రేషన్ తిరిగి దక్కింది. అయినా రైతుకు గింజ మీద ఉన్న హక్కు చట్టంలో చెక్కుచెదరకుండా ఉంది. అడిగే మనిషి ఉంటేనే ఆ సెక్షన్ పని చేస్తుంది.

విత్తనం ఫెయిలైతే ఏం చేయాలి

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. 1966 నాటి విత్తన చట్టంలో నాసిరకం విత్తనం అమ్మితే మొదటి నేరానికి జరిమానా 500 రూపాయల దాకా. మళ్లీ చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా కూడా ప్రభుత్వానికే పోతుంది. రైతుకు పైసా ఇప్పించే నిబంధన ఆ చట్టంలో లేదు.

అందుకే వినియోగదారుల కోర్టు దారి తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని చెప్పింది. ఒప్పందం మీద విత్తన పంట పండించే రైతుకూ ఇది వర్తిస్తుందని చెప్పింది. నడిగడ్డ రైతులు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ‘ల్యాబ్ పరీక్షకు గింజలు తెచ్చావా?’ అని కంపెనీ అడగడం మనందరికీ తెలుసు. గింజలన్నీ విత్తేసిన రైతు శాంపిల్ దాచి ఉంచుతాడని ఆశించలేమని, అదే లాట్ శాంపిల్‌ను విత్తన సంస్థే పరీక్షకు పంపించవచ్చని కోర్టు స్పష్టం చేసింది.

కనుక ఈ సీజను నుంచి ప్రతి ఊళ్లో ఈ పనులు చేద్దాం.

ఒకటి. బిల్లు లేకుండా విత్తనం కొనవద్దు. బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు, ధర ఉండాలి. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు బిల్లు ఇవ్వాలి, దుకాణంలో నిల్వ, ధరల పట్టిక పెట్టాలి. అప్పు మీద తెచ్చుకున్నా బిల్లు మన హక్కే.

రెండు. కౌలు రైతు తన పేరు మీదే బిల్లు రాయించుకోవాలి. వినియోగదారుల కోర్టు అడిగేది విత్తనం కొన్నదెవరని. పాస్‌బుక్కు ఎవరిదని కాదు.

మూడు. ఖాళీ సంచి పారేయవద్దు. లేబుల్ కనిపించేలా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. మొలక శాతం లేబుల్ మీద ఉంటుంది. హైబ్రిడ్ పత్తికి 75 శాతం, వరికి 80 శాతం కనీస ప్రమాణం.

నాలుగు. తేడా కనిపించగానే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. శాస్త్రవేత్తలు చేను చూసి నివేదిక ఇచ్చే దాకా పంట పీకేయకుండా ఉండాలి. పీకక తప్పదనుకుంటే ఓ మూల కొంత చేనైనా వదలాలి, ఫొటోలు తీయాలి.

ఐదు. ఒకే లాట్ కొన్న రైతులంతా కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

కొత్త చట్టం వచ్చేటప్పుడు

1966 చట్టం మార్చాలన్న ప్రయత్నం చాలా కాలంగా నడుస్తోంది. 2004లో బిల్లు వచ్చింది, 2019లో ముసాయిదా వచ్చింది, 2025 నవంబరులో మరో ముసాయిదాను అభిప్రాయాల కోసం పెట్టారు. చట్టం ఏ రూపంలో వచ్చినా మన సంఘం కొలిచి చూడాల్సిన కొలబద్ద ఇది. విత్తనం ఫెయిలైతే గింజ ధర కాకుండా పోయిన పంట విలువ మేరకు, గడువు లోపల పరిహారం ఇప్పించే నిబంధన ఆ చట్టంలోనే ఉందా? ధర నియంత్రించే అధికారం ప్రభుత్వానికి మిగిలిందా, లేక ఆపద సమయాలకే పరిమితమైందా? 2001 చట్టంలోని రైతు హక్కులను ఇది ఎక్కడైనా కోస్తోందా? రైతు తన ఇంటి దగ్గర గింజ అమ్ముకోవడానికి పాత చట్టంలో ఉన్న మినహాయింపు కొనసాగుతోందా? రాష్ట్రాలకు ఉన్న అధికారాలు తగ్గుతున్నాయా? 2006లో ధర దించింది రాష్ట్ర ప్రభుత్వం చొరవేనని మరచిపోకూడదు.

దీనితో పాటు లాం, నంద్యాల వంటి మన పరిశోధనా కేంద్రాలకు నిధులు ఇచ్చి, తక్కువ కాలంలో పంటకొచ్చే, దగ్గర దగ్గరగా విత్తుకోగల, గింజ దాచుకోగల పత్తి సూటి రకాలు రైతుకు అందించమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ అడగాలి. కొత్త పరిజ్ఞానానికి మనం ఏనాడూ అడ్డం కాదు. దాని పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే మన ప్రశ్న.

మిత్రులారా, ముసాయిదాలు వచ్చినప్పుడు అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చే గడువు కొద్ది వారాలే. ఆ కొద్ది వారాలలో కంపెనీల సంఘాలు పేజీలకు పేజీలు రాసి పంపుతాయి. మన ఊళ్ల నుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్తున్నాయి? ఈసారి ప్రతి గ్రామ కమిటీ ఒక తీర్మానం రాయాలి. ఎన్ని ప్యాకెట్లు కొన్నాం, ఎంత పెట్టాం, ఎంత మొలిచింది అన్న లెక్కలతో రాయాలి. మన లెక్కలు ఆ బల్ల మీదకు చేరిస్తేనే చట్టం రాసేవాళ్లకు మన చేను కనిపిస్తుంది. విత్తనాలు కొనే రోజు కంటే ముందే ఊరూరా సమావేశం పెట్టి ఈ విషయాలు చదివి వినిపించండి. ఎవరి ఊరి బాధ్యత వాళ్లు తీసుకుని, వచ్చే నెల సమావేశానికి బిల్లుల జాబితాతో రండి.